పేర్లు చెరిపిన పటం

"తప్పుకో బావా. లారీ వెనక్కి పోదు, నేనూ పోను."

ఇన్‌స్పెక్టరు ఆ మాట నవ్వుతూనే అన్నాడు. చెయ్యి మాత్రం డ్రైవరుకి ముందుకు రమ్మని సైగ చేస్తూనే ఉంది.

కొండరోడ్డు మలుపులో, నీళ్ల లారీకి అడ్డంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి కదల్లేదు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివు పని మొదలుపెట్టి ఏళ్లు గడిచినా, డిపార్టుమెంటులో ఆయన్ని ఇప్పటికీ నిదానంగారనే పిలుస్తారు. ఎంత కొంప మునిగే పనైనా ఆయన నోటివెంట మొదట వచ్చే మాట అదే. ఇన్‌స్పెక్టరు ఆయన భార్యకి స్వయానా తమ్ముడు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్లు. కేసు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఉప్పూ నిప్పూ.

"రోడ్డెందుకు కడుగుతున్నావు?" అన్నాడు నిదానం.

"నేనెక్కడ కడుగుతున్నా? వరద ఆఫీసు వాళ్లు లారీ అడిగారు, స్టేషను నుంచి పంపాం. బురద ఎండి దుమ్ము లేస్తోందట. అయినా నీకెందుకు? కేసు అయిపోయింది. సాయంత్రం ఆ అమ్మాయిని అరెస్టు చేస్తున్నా."

"సాయంత్రం కదా? ఇంకా మధ్యాహ్నమే. అరగంట నాకివ్వు."

"ఎందుకంట?"

"నిదానంగా చెప్తా."

ఇన్‌స్పెక్టరుకి ఒళ్లు మండింది. లారీ టైరుని ఓ తన్ను తన్ని, "అక్క మొహం చూసి ఇస్తున్నా. అరగంటంటే అరగంటే," అని పక్కనున్న పిట్టగోడ మీద కూర్చున్నాడు.

జరిగింది ఊరందరికీ తెలిసిందే. నాలుగు రోజుల కిందట కుండపోత వాన. ఈ మలుపు దగ్గర రోడ్డు పక్కనుంచి ఒక మెట్ల సందు కిందికి దిగుతుంది. ఆ సందు అడుగున, నేలకి సగం లోపలికి ఉన్న గదిలో ఒక రిటైరైన సర్వేయరు పాత కొలత పరికరాలు బాగుచేసుకుంటూ కాలక్షేపం చేసేవాడు. ఆ సాయంత్రం నీళ్లు ఆ గదిని ముంచేశాయి. ఆయన బయటికి రాలేకపోయాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు వరద ఆఫీసులో ఇంజనీరు. ఎంత వాన పడితే ఏ వీధిలోకి ఎన్ని నీళ్లొస్తాయో కంప్యూటరులో లెక్కగట్టి పటం గీయడం ఆమె పని. ఆ పటంలో ఈ సందుకి ప్రమాదం లేదని ఉంది. అది చూసే, వాన పడుతుండగా ఆమె తండ్రికి ఫోన్లో చెప్పింది: "అక్కడే ఉండు నాన్నా. అక్కడికి నీళ్లు రావు."

నిర్లక్ష్యంతో మనిషి చావుకి కారణమైందని పోలీసుల కేసు. ఆ అమ్మాయి లాయరు దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా నిదానం ఇంటికొచ్చింది. "నన్ను కాపాడమని రాలేదు సార్. మా నాన్నని నా లెక్కే చంపిందా, కాదా? అది చెప్పండి చాలు. అది తెలియకుండా నాకు కన్ను మూత పడట్లేదు," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ఏడవలేదు.  నిదానం వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ అరగంటలో నిదానం ముందుగా మలుపుకి దిగువన రోడ్డు పక్క కాలవలోకి వంగి చూశాడు. ఎండుటాకుల కుప్పలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పలచగా నీళ్లు తగిలి ఆరాయంతే. వరద ఈడ్చుకుపోయిన జాడే లేదు. మళ్లీ మలుపుకి ఎగువకొచ్చాడు. అక్కడ కాలవ నిండా ఎర్రటి ఒండ్రు, రాళ్లు, విరిగిన కొమ్మలు.

"ఒరేయ్, ఇలా రా," అని పిలిచాడు.

"యూనిఫాంలో ఉన్నప్పుడు ఒరేయ్ అనొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అంటూనే ఇన్‌స్పెక్టరు లేచొచ్చాడు.

"పైన అంత వరద పారింది. కింద ఆకు కూడా కదల్లేదు. మధ్యలో నీళ్లేమయ్యాయి?"

"ఏమవుతాయి? సందులోకి పోయాయి. అదేగా కేసు! సందులోకి నీళ్లు రావని ఆ పిల్ల పటం గీసింది, వచ్చాయి."

"కొన్ని పోతే వచ్చాయనుకోవచ్చు. దాదాపు మొత్తం అటే ఎందుకు తిరిగాయి?"

నిదానం మోకాళ్ల మీద కూర్చుని, తారు మీద వేలితో గీత గీసినట్టు చూపించాడు. అక్కడ నిజంగానే ఒక గీత ఉంది. రోడ్డు అవతలి గట్టు దగ్గర మొదలై, ఏటవాలుగా వచ్చి, సరిగ్గా మెట్ల సందు నోటి దగ్గర ఆగింది. గీతకి ఎగువన బురద మరక, దిగువన శుభ్రమైన తారు. తారు నెర్రెల్లో చిక్కుకున్న ఇసుకని గోటితో గీరి అరచేతిలో వేసుకున్నాడు.

"కొండది ఎర్రమట్టి, పిండిలా ఉంటుంది. ఇది తెల్లటి గరుకు ఇసుక. బస్తాలతో వచ్చింది. ఎవరో ఇక్కడ ఇసుకబస్తాలు పేర్చి, పనయ్యాక తీసేశారు."

"బావా, గీత కనిపిస్తే హత్య, ఇసుక కనిపిస్తే హంతకుడూనా? ఎవరి ఇంటి పనికో ఇసుక దింపుకుని ఉంటారు."

"దింపుకున్నవాళ్లు ఇంత ఏటవాలుగా, ఇంత తిన్నగా దింపరు."

 ఇన్‌స్పెక్టరు వంగి గీతని ఇంకోసారి చూశాడు.

సందు మధ్యలో మేడమీద ఒకావిడ బట్టలు కుడుతుంది. ఆమె మిషను ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "మళ్లీ వచ్చారా? చెప్పిందే చెప్పించుకోవడానికి జీతాలిస్తారేమో మీకు," అంది.

"చెప్పంది ఏమైనా ఉందేమోనని వచ్చానమ్మా," అన్నాడు నిదానం. "నీళ్లు ఎలా వచ్చాయి? మెల్లగా పెరిగాయా?"

"మెల్లగానా? కుళాయి తిప్పినట్టు వచ్చాయి. అప్పటిదాకా మెట్ల మీద చినుకులే. చూస్తుండగానే నడుమెత్తు నీళ్లు. తాతగారూ తాతగారూ అని అరిచాను. దిగుదామంటే కాలు నిలిస్తేగా!" ఆమె కిందికి, సందు అడుగుకేసి చూసింది. "ఆగడం కూడా అలాగే ఆగాయి. ఒక్కసారిగా."

"వాన తగ్గాక?"

"వాన పలచబడింది గానీ ఆగలేదు. నీళ్లు ఆగాక ఆ వానలోనే తడుస్తూ పరిగెత్తాం. తలుపు లాగేసరికి అంతా అయిపోయింది."

నిదానం బావమరిది వైపు చూశాడు. ఆ ప్రశ్న పోలీసులు అడగలేదని ఇన్‌స్పెక్టరు మొహమే చెప్పింది. కుట్టుమిషను మళ్లీ మొదలైంది, కాసేపటికే ఆగిపోయింది.

సందు అడుగున ఐదు మెట్లు దిగితే గది. తలుపు బయటివైపుకి తెరుచుకుంటుంది. ఆ ఐదు మెట్ల గుంట నీళ్లతో నిండితే చాలు, బయటి నీళ్ల బరువుకి లోపలున్న మనిషి ఆ తలుపుని అంగుళం కూడా నెట్టలేడు. లోపల గోడ మీద బురద చార నిదానం తల దాటి, పైకప్పుకి జానెడు కిందిదాకా ఉంది. బరువైన పనిబల్ల మీద ఇనప కుర్చీ, నీళ్లలో కూడా కదలకుండా నిలిచి ఉంది. పెద్దాయన బల్లెక్కి, కుర్చీ ఎక్కి, పైకప్పుకి ఆనుకునున్న చెక్క అలమర అందుకున్నాడు. అలమరలో ఒక్కటే వస్తువు ఉంది, ఇనప టేపు. మూర పైన బయటికి లాగి, మీట నొక్కి బిగించి ఉంది. దానికి చుక్క బురద అంటలేదు.

"ప్రాణం పోతుంటే టేపు దాచుకున్నాడేంటి ఈయన?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఈసారి వేళాకోళం లేకుండా.

"అదే నాకూ తెలియట్లేదు. దీన్ని తీసుకెళ్లనా?"

"తీసుకెళ్లు. కానీ సాయంత్రం మాత్రం నేను వస్తా బావా. పై నుంచి ఒత్తిడి ఉంది. ఆ అమ్మాయి మేనమామే, వాళ్ల ఆఫీసు పెద్ద, స్వయంగా పొరపాటు ఆమెదేనని రాసిచ్చాడు. ఇంకేం కావాలి?"

నిదానం టేపు మీట వదల్లేదు. ఆ మూరెడు రేకు బయటికి పొడుచుకుని ఉండగానే చేత్తో పట్టుకుని మెట్లెక్కాడు. మలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు లారీ డ్రైవరుతో, "బండి ఇక్కడే పెట్టు. నేను చెప్పేదాకా చుక్క నీళ్లు పొయ్యకు," అనడం వినిపించింది.

వరద ఆఫీసు మూడో అంతస్తులో ఒకటే పొడుగాటి గది. ప్రతి బల్ల మీదా రెండేసి కంప్యూటరు తెరలు, ఒక మూల టీ కాచుకునే స్టవ్వు, ఇంకో మూల ఖాళీ ఇసుకబస్తాల కట్టలు. గోడ నిండా సూదులతో గుచ్చిన కాగితాలు. మిగతా ఉద్యోగులంతా ఆ వేళకి కాలవలు చూడటానికి బయటికెళ్లారు. సాయంత్రానికి మళ్లీ పెద్ద వానని హెచ్చరిక వచ్చింది.

ఆ అమ్మాయి తన కుర్చీలోనే ఉంది. తెర ఆపేసి ఉంది. పక్కనే ఆమె భుజం మీద చెయ్యేసి పెద్దసారు నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మెత్తటి గొంతు. తల్లి పోయినప్పటినుంచీ ఆ పిల్లకి లెక్కలు నేర్పిందీ, ఈ ఉద్యోగంలో చేర్పించిందీ ఆ మేనమామే.

"రండి," అన్నాడాయన. "చిన్నపిల్ల. పొరపాటు పడింది. నేనే సరిచూసుకోవాల్సింది. అరెస్టు లేకుండా చూడమని అందరి కాళ్లూ పట్టుకుంటున్నాను."

"పొరపాటు ఏమిటో నాకర్థమయ్యేలా చెప్పండి. నాకు లెక్కలు రావు," అన్నాడు నిదానం.

"కొండల కొలతలు కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు పటంలోని గుంటలన్నిటినీ పూడ్చేస్తాం. చాలావరకు అవి నిజం గుంటలు కావు, కొలతల్లో దోషాలు. వాటిని ఉంచితే లెక్కలో నీళ్లు అక్కడే ఆగిపోతాయి, ముందుకి నడవవు. బావ గది గుంట నిజం గుంట. మిషను దాన్ని కూడా పూడ్చేసింది. ఈ పిల్ల చూసుకోలేదు. అంతే." ఆయన నిట్టూర్చాడు. "కూర్చోండి. టీ తెస్తాను. ఇక్కడి పాలు అయిపోయాయి."

ఆయన మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయాక నిదానం ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ గుంటని నువ్వు పూడ్చావా?"

"లేదు సార్. నాన్న గది కదా, విడిగా నా చేత్తో పెట్టాను. కానీ మళ్లీ లెక్క నడిపినప్పుడు మిషను పూడ్చేసి ఉంటుందని సార్ అన్నారు. సార్ అన్నారంటే అయ్యుంటుంది."

"నువ్వు తెరిచి చూశావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాలుగు రోజులుగా చెయ్యి రావట్లేదు. నిజంగానే పూడిపోయి ఉంటే? ఆ గుంట కనపడకపోతే నేను బతకలేను సార్."

"నేను పక్కనే ఉన్నాగా. తెరువు."

చాలాసేపు ఆమె వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. తర్వాత తెర వెలిగింది. బూడిదరంగు గళ్లలో కొండ పరుచుకుంది. ఆమె మలుపు దగ్గరికి, సందులోకి, సందు అడుగుకి వెళ్లింది. అక్కడ ఒక గడి నల్లగా ఉంది.

"ఉంది," అంది. వేలితో తెర మీద చూపించి మళ్లీ అంది, "గుంట ఉంది సార్. పూడలేదు."

"మరి నీళ్లు?"

"రోడ్డు మీద నీళ్లు మలుపు తిరిగి కాలవ వెంట కిందికే పోతున్నాయి. సందులోకి అరపాదం కూడా రావట్లేదు. లెక్క సరిగ్గానే ఉంది." ఆమె ఆయన వైపు తిరిగింది. "మరి నాన్నెలా పోయాడు?"

నిదానం ఒక కుర్చీ ఆమె పక్కకి లాక్కుని కూర్చున్నాడు. "ఆ రోజు ఫోను ఎవరు చేశారు? నువ్వా, ఆయనా?"

"నేనే. వానలో మెట్లు జారతాయి, బావని గది దాటి రావద్దని చెప్పు అని సార్ అన్నారు. నేను పటం చూసి, అక్కడే ఉండు నాన్నా అన్నాను. నాన్న ఏదో కొలత చెప్పబోయాడు. పనిలో ఉన్నాను, ఇంటికొచ్చాక చెప్పు నాన్నా అని పెట్టేశాను."

"నువ్వు ఫోను చేసినప్పుడు సార్ ఇక్కడే ఉన్నారా?"

"ఉన్నారు. పెట్టేశాక వానకొలత డబ్బాలు చూసొస్తానని జీపు తీసుకుని వెళ్లారు."

నిదానం ఆ మాటని అక్కడే వదిలేశాడు. "ఇంకొక్కటి. ఆ మలుపు దగ్గర నీళ్లన్నీ సందులోకి తిరగాలంటే ఏం చెయ్యాలి?"

ఆమెలోని ఇంజనీరు జవాబు చెప్పింది. "జానెడు ఎత్తు గట్టు చాలు సార్. కానీ రోడ్డుకి అడ్డంగా పెడితే నీళ్లు దాని మీదనుంచి దూకేస్తాయి. ఏటవాలుగా పెట్టాలి. ఎంత వాలో కచ్చితంగా తెలియాలి. ఇటు కొంచెం ఎక్కువైనా, అటు కొంచెం తక్కువైనా కుదరదు."

"అది ఎవరికి తెలుస్తుంది?"

"కంప్యూటరులో వేసి చూస్తే మాకు తెలుస్తుంది. కానీ ఆ మలుపు మేమెప్పుడూ వేసి చూడలేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు సార్. ఉంటే నాకు గుర్తుండదా?"

నిదానం లేచి గది చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. చేతిలో టేపు రేకు కుర్చీలకి తగులుతోంది. స్టవ్వు దగ్గర గోడకి గుచ్చిన కాగితాల ముందు ఆగాడు. ఒక్కో కాగితం మీదా కొండ ముక్క ఒకటి. వీధి పేర్లు లేవు, ఇంటి గుర్తులు లేవు, ఎత్తుల గీతలు మాత్రమే. ప్రతిదాని మీదా ఎర్ర సిరాతో ఒక గీత, పెన్సిలుతో ఒక సున్నా.

"ఇవేంటమ్మా?"

"అవా? ముంపు ఆట సార్. శనివారం శనివారం ఆడతాం. ఒకరు ఊళ్లో ఏదో ఒక ముక్క తీసి, ఎక్కడో ఒకచోట అడ్డం పెడతారు, లారీ ఆగిపోయిందనో గోడ కూలిందనో. ముందుగా మునిగే గడి ఏదో మిగతావాళ్లు చూపించాలి. తెలిసిన వీధైతే కళ్లు మూసుకుని చెప్పేస్తామని పేర్లు చెరిపేస్తారు, పటాన్ని తిప్పేస్తారు. వాలు చూసే చెప్పాలి. ఎవరైనా సరిగ్గా చెప్తే పెట్టినవాళ్లు టీ తేవాలి. చెప్పలేకపోతే మేం తేవాలి." ఆమె పెదవుల మీద పాత నవ్వు ఒకటి వచ్చి పోయింది. "మా లెక్కల మోడల్లో తప్పులు ఇలాగే బయటపడతాయని మొదలుపెట్టాం."

నిదానం అన్నిటికంటే పైనున్న కాగితాన్ని చూస్తున్నాడు. కొక్కెంలా వంగిన ఒక దారి. దాని పక్కనుంచి దగ్గరదగ్గరగా గీసిన చిన్న గీతల వరస. దారి మీద ఏటవాలుగా ఎర్ర సిరా. మధ్యాహ్నం మోకాళ్ల మీద కూర్చుని ఆయన వేలితో గీసిన గీత కూడా అంతే వాలు. ఆయన ఆ కాగితాన్ని సూది నుంచి ఊడదీసి, తలకిందులు చేసి, ఆమె తెర పక్కన ఆనించి పట్టుకున్నాడు.

ఆమె తెర వైపు చూసింది. కాగితం వైపు చూసింది. మళ్లీ తెర వైపు చూసింది. 

"ఇది మన మలుపు," అంది చివరికి. "ఇవి మెట్లు."

"ఈ సున్నా చుట్టింది ఎవరు?"

"నేనే." ఆమె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "ఆ రోజు మిగతావాళ్లెవరూ చెప్పలేకపోయారు సార్. నేనొక్కదాన్నే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న గది... నాన్న గదిని నా వేలితో నేనే చూపించాను."

"ఆట పెట్టింది ఎవరు?"

ఆమె తల తిప్పి తలుపు వైపు చూసింది. ఈలోగా తలుపు తోసుకుని పెద్దసారు లోపలికొచ్చాడు. చేతిలో పళ్లెం, మూడు గ్లాసుల టీ. ఆయన వెనకే, మెట్ల మీద కలిశాడు కాబోలు, ఇన్‌స్పెక్టరు.

పెద్దసారు చూపు కాగితం మీద పడింది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆఫీసులో ఎప్పుడూ సార్ అని తప్ప పిలవని ఆ అమ్మాయి లేచి నిలబడింది. "మామయ్యా, ఆ రోజు కూడా టీ నువ్వే తెచ్చావు. నువ్వు పెట్టిన ఆట ఎప్పుడూ ఎవరమూ గెలవలేదు. మొదటిసారి నేను గెలిచాను. ఓడిపోయినందుకు అంత సంతోషపడ్డావేంటా అనుకున్నా. మేనకోడలు గెలిచిందని అనుకున్నా మామయ్యా!"

"ఏం మాట్లాడుతున్నావమ్మా? ఏదో ఒక ముక్క తీశాను. ఏ వీధో నేను మాత్రం చూశానా?"

"నిదానం, నిదానం," అన్నాడు డిటెక్టివు. "పటం తీసేది పెట్టేవాళ్లేగా. పేర్లు చెరపాలంటే ముందు చదవాలి. ఇంకోటి. గుంట పూడిపోయిందని మీరు పోలీసులకి రాసిచ్చారు. ఇప్పుడే చూశాం, పూడలేదు. ఈ పిల్ల భయంతో తెరవలేదు. మీకేం అడ్డం వచ్చింది? తెరిచి చూడకుండా ఎలా రాశారు?"

పెద్దసారు సాయం కోసమన్నట్టు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టరు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"సార్, నీళ్ల లారీ కావాలని పొద్దున ఫోను చేసింది మీరే. ఊళ్లో అన్ని వీధుల్లో బురద ఉంటే ఆ ఒక్క మలుపే కడగమన్నారు. ఎందుకని అడగాల్సింది. పెద్దమనిషని అడగలేదు. లారీ ఆపేశాను. కింద మీ జీపు చూసే వస్తున్నా, వెనక సీటు కింద తెల్ల ఇసుక ఉంది."

"వరద ఆఫీసు జీపు. ఇసుకబస్తాలు ఉండవా?"

"ఉంటాయి. చెప్పాల్సింది కోర్టులో చెప్పండి."

 నిదానం అప్పటిదాకా పట్టుకునున్న టేపుని ఆ అమ్మాయి ముందు బల్ల మీద పెట్టాడు. "ఇది మీ నాన్న గదిలో, పైకప్పు దగ్గర అలమరలో దొరికింది. ఎందుకు దాచారో నాకు తెలియలేదు తల్లీ."

ఆమె దాన్ని ముట్టుకోకుండానే చూసింది. అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజుల ఏడుపూ ఒక్కసారే వచ్చింది.

"నాన్న కొలతలు రాసుకోడు సార్. కొలిచాక మీట బిగించి, అలాగే జేబులో పెట్టుకుని వచ్చేవాడు. నాకు చెప్పేదాకా వదిలేవాడు కాదు. నేను విన్నాననుకున్నాకే టేపు లోపలికి పోనిచ్చేవాడు." కళ్లు తుడుచుకుని వంగి చదివింది. "అరవై సెంటీమీటర్లు."

"ఏంటి అరవై?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పోయిన వారమంతా నాన్న కొండ మీద కొత్త ఇళ్ల దగ్గరే తిరిగాడు. అక్కడ గోడ వెనక చేరే వాననీళ్లు బయటికి పోవడానికి ఒకే ఒక్క గొట్టం. నా మోడల్లో దాని వెడల్పు నూట ఇరవై అని ఉంది. మామయ్య సంతకంతో వచ్చిన కొలత అది."

పెద్దసారు పళ్లెం కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాడు. మెత్తటి గొంతు ఇంకా మెత్తగా వచ్చింది. "గొట్టం వేసేటప్పుడు నేను వెళ్లి చూడలేదు. చూశానని సంతకం పెట్టాను. ఈ వారం కొత్త ఇళ్ల మీద జరిగే విచారణలో చెప్పేస్తానన్నాడు బావ. ముందు నాకే వచ్చి చెప్పాడు, ఇంటి మనిషినని. కాళ్లు పట్టుకున్నాను. నీ పరువు కోసం జనాన్ని ముంచలేను బామ్మర్దీ అన్నాడు." ఆయన తలెత్తి మేనకోడలిని చూశాడు. "ఆట పెట్టినప్పుడు కూడా నాకు ధైర్యం లేదమ్మా. ఎవరూ చెప్పలేకపోతే వదిలేద్దామనుకున్నా. నువ్వు ఆ గడి చూపించావు. నువ్వు చూపించి ఉండకపోతే..."

"నోరు ముయ్యి!"

అరిచింది నిదానం. ఆయన అలా అరవడం ఇన్‌స్పెక్టరు ఇన్నేళ్లలో వినలేదు. "నీళ్లు ఎటు పోతాయో ఆ పిల్ల చెప్పింది. బస్తాలు మోసింది నువ్వు. పేర్చింది నువ్వు. ఆ సందులో మనిషి కేకలు పెడుతుంటే వానలో నిలబడి విన్నది నువ్వు. ఇంకొక్క మాట దాని నెత్తిన వెయ్యకు." తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి మామూలు గొంతుతో అన్నాడు. "నువ్వడిగినదానికి జవాబు ఇది తల్లీ. మీ నాన్నని నీ లెక్క చంపలేదు. నువ్వు చెప్పింది నిజం. అక్కడికి నీళ్లు రావు. తెప్పించారు."

ఇన్‌స్పెక్టరు పెద్దసారు భుజం మీద చెయ్యి వేశాడు. "బావని చంపడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా," అన్నాడు తనలో తను అనుకున్నట్టు. ఆ మాటకి నిదానం కిటికీ వైపు తిరిగాడు. అద్దం మీద చినుకులు పడుతున్నాయి.

ఆ అమ్మాయి మాత్రం ఇద్దరినీ చూడటం లేదు. ఆమె చూపు టేపు మీదే ఉంది. ఉన్నట్టుండి కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద కొండని పైకి జరిపి, ఒక చిన్న గడి మీద ఆగి, నూట ఇరవై చెరిపి అరవై అని కొట్టింది. సాయంత్రానికి చెప్పిన వాన అంకెలు ఎక్కించి, లెక్క నడిపింది.

కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత కొత్త ఇళ్ల గోడ వెనక నీలం చేరడం మొదలైంది. చేరుతూ చేరుతూ గోడంత ఎత్తయింది. గోడ అంచు ఎర్రగా మారింది. దాని కింద, కొండవాలు మీద, చిన్న చిన్న గళ్ల వరస.

"అవి ఇళ్లా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఎనభై ఇళ్లు. మొన్నటి నీళ్లే గోడ వెనక ఇంకా సగం ఉన్నాయి, గొట్టం లాగలేకపోతోంది. ఈ వాన పడితే గోడ ఆగదు సార్." ఆమె వేలు గోడ దగ్గర్నుంచి పక్క గుట్టకి జరిగింది. "అందరినీ కిందికి దింపకండి, సందులన్నీ కాలవలైపోతాయి. పక్క గుట్ట మీదికి నడిపించండి. ఇప్పుడే."

ఇన్‌స్పెక్టరు చెయ్యి వాకీటాకీ మీదికి వెళ్లి ఆగింది. ఎనభై ఇళ్ల జనాన్ని వానలో బయటికి ఈడ్చడమంటే మాటలు కాదు. లెక్క తప్పితే రేపు మెడకి చుట్టుకునేది అతనికే. బావ మొహం చూశాడు. బావ కళ్లతోనే ఆ అమ్మాయి వైపు చూపించాడు.

"అమ్మా," అన్నాడు చివరికి, మొదటిసారి మర్యాదగా. "నీ లెక్క తప్పని నిన్ను అరెస్టు చెయ్యడానికొచ్చినవాణ్ని నేను. ఈసారి దీన్ని నమ్మొచ్చా?"

ఆమె టేపు అందుకుంది. బొటనవేలితో మీట వదిలింది. మూరెడు రేకు సర్రున లోపలికి పోయింది.

"కొలత మా నాన్నది సార్," అంది. "నమ్మండి."